పేజీ మూసుకోకముందే

బహ్రెయిన్ రాజధాని మనామా సూక్‌లో, అంటే పాత బజారులో, బాబ్ అల్ బహ్రెయిన్ ద్వారం దాటి లోపలి గల్లీల్లోకి నడిస్తే, ఫోన్ రిపేరు షాపులకూ దర్జీ షాపులకూ మధ్యలో మా టైపింగ్ షాపు. వీసా ఫారాలు, పాస్‌పోర్టు దరఖాస్తులు, కరెంటు బిల్లులు, విమానం టికెట్లు, అరబ్బీలో అర్జీలు అని బోర్డు మీద రాసి ఉంటుంది. నేను ఎక్కువగా చేసే పని మాత్రం ఆ బోర్డు మీద లేదు. కంప్యూటర్ తెర మీద ఏం కనబడుతోందో దాన్ని ఉన్నదున్నట్టు పట్టి, వచ్చిన మనిషి చేతికివ్వడం. అదే, స్క్రీన్‌షాట్ తీయడం.

దీనికి విడిగా డబ్బులు తీసుకోం. అడగకపోయినా తీసిస్తాం. గల్ఫ్‌లో కష్టపడే మనిషికి రావాల్సినవన్నీ ఇప్పుడు ఏదో ఒక వెబ్‌పేజీలో ఉంటున్నాయి. ఆ పేజీ అతని చేతిలో ఉండదు. ఇవాళ ఉన్నట్టు రేపు ఉంటుందన్న భరోసా లేదు. కనబడినప్పుడే పట్టుకోవాలి.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇక్కడికొచ్చిన పాతవాళ్లను అడిగితే చెబుతారు. అప్పట్లో జీతం చేతికే ఇచ్చేవాళ్లు, వోచర్ మీద సంతకమో వేలిముద్రో పెట్టించుకునేవాళ్లు. ఆ వోచరు కంపెనీ దగ్గరే ఉండిపోయేది. 2021 మేలో బహ్రెయిన్ వేతన రక్షణ విధానం తెచ్చి, విడతలవారీగా కంపెనీలన్నీ జీతాన్ని బ్యాంకు ద్వారానే వేయాలన్నది. దాంతో మనవాళ్ల చేతికి కార్డులొచ్చాయి. వర్క్ పర్మిట్ వివరాలు లేబర్ మార్కెట్ రెగ్యులేటరీ అథారిటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఆ సంస్థను ఇక్కడ అందరూ ఎల్ఎమ్ఆర్ఏ అనే అంటారు. 2024 మార్చి నుంచి విదేశీ కార్మికులకు పని మానేటప్పుడు రావాల్సిన సర్వీసు డబ్బులు కూడా కంపెనీలు నెలనెలా సోషల్ ఇన్సూరెన్స్ ఆర్గనైజేషన్‌కు కట్టాలి. ఎస్ఐఓ అంటే అదే. మంచి మార్పులే అన్నీ. నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేవి. అయితే వోచర్ రోజుల్లో సంతకం చేయడం వస్తే చాలు. ఇప్పుడు తెర మీది పేజీని చదవడం, దాచుకోవడం కూడా రావాలి.

ఏటీఎం చీటీలు దాచుకునేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. చొక్కా జేబులో మడిచిపెట్టిన చీటీల కట్ట తీసి బల్ల మీద పెడతారు. అది వేడికి నల్లబడే కాగితం. సైటులో జూలై ఎండకు సగం చీటీలు బూడిదరంగుకు తిరిగి, మిగతావాటి మీద అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి. వాటిని ఫోటో తీసినా ఏమీ తేలదు. బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ తెప్పించుకోవాల్సిందే.

ఇక నా పద్ధతి చెబుతాను. కీబోర్డు మీద కుడివైపు పైన ప్రింట్ స్క్రీన్ అని ఒక మీట ఉంటుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ నాటిది. అప్పుడు షిఫ్టుతో కలిపి దాన్ని నొక్కితే తెర మీది అక్షరాలు నేరుగా ప్రింటర్‌లో అచ్చయ్యేవి. పాత విండోస్‌లలో అదే మీట బొమ్మను కంప్యూటర్ జ్ఞాపకంలోకి తీసుకుని ఊరుకుంటుంది. తెర మీద ఏ కదలికా ఉండదు. వర్డ్‌లోనో పెయింట్‌లోనో పేస్ట్ చేస్తే తప్ప బయటికి రాదు. ఈలోపు ఇంకేదైనా కాపీ చేస్తే మొదటిది పోతుంది. 'నొక్కిన అన్నా, ఏం రాలే' అని మన పిల్లలు చాలామంది అనేది ఇందుకే. విండోస్ మీటతో కలిపి ప్రింట్ స్క్రీన్ నొక్కితే తెర ఒక్క క్షణం మసకబారి, బొమ్మ పిక్చర్స్‌లో స్క్రీన్‌షాట్స్ అనే ఫోల్డర్‌లో దానంతటదే పడుతుంది. ఈ సదుపాయం 2012లో విండోస్ 8తో వచ్చింది. ల్యాప్‌టాపుల్లో కొన్నింటికి ఎఫ్ఎన్ మీట కూడా పట్టుకోవాలి.

ఇప్పుడు కుర్రాళ్లందరికీ అలవాటు విండోస్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కడం. 2017లో విండోస్ 10కి వచ్చిన సౌకర్యమది. కావాల్సిన ముక్క చుట్టూ గీత గీస్తే అంతే వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ సాక్ష్యం కోసం తీసేటప్పుడు నేను దాన్ని వాడను, మా షాపులో పిల్లల్నీ వాడనివ్వను. జీతం అంకె చుట్టూ గీత గీసి తీస్తే మిగిలేది ఆ అంకె ఒక్కటే. అది ఎవరి ఖాతా, ఏ సైటు, ఏ తారీఖు అని అడిగితే జవాబుండదు. మొత్తం తెర రావాలి. పైన వెబ్‌సైటు అడ్రసు, మధ్యలో పేరూ వివరాలూ, కింద కుడి మూలన గడియారం, తారీఖు. మూడూ ఉంటేనే అది పనికొచ్చే స్క్రీన్‌షాట్ అని నా లెక్క.

ఈ లెక్క ఎందుకు పెట్టుకున్నానో ఒక మేస్త్రీ సంగతి చెబితే తెలుస్తుంది. జగిత్యాల వైపు మనిషి. 2016 మార్చిలో వచ్చాడు, నిరుడు శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోదామని రాజీనామా ఇచ్చాడు. జీతం 120 దినార్లు. ఇక్కడి 2012 నాటి కార్మిక చట్టం ప్రకారం సర్వీసులో మొదటి మూడేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున రావాలి. 2024 మార్చి నుంచి జరిగిన సర్వీసుకు డబ్బులు ఎస్ఐఓ నుంచి వస్తాయి. కంపెనీ కట్టేది మొదటి మూడేళ్ల సర్వీసులో జీతంలో 4.2 శాతం, ఆ పైన 8.4 శాతం. ఇతనికి 8.4 శాతం లెక్కన నెలకు 10 దినార్ల 80 ఫిల్స్. పన్నెండు నెలలకు 120 దినార్ల 960 ఫిల్స్. అంటే దాదాపు ఏడాదికి నెల జీతం. ఆ భాగం ఎస్ఐఓ పేజీలో స్పష్టంగా కనబడుతోంది, గొడవ లేదు. గొడవంతా 2024 మార్చికి ముందుదాని మీద. అది కంపెనీ తన చేత్తో ఇవ్వాలి.

కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ కాగితంలో చేరిన తారీఖు 2018 మార్చి అని ఉంది. మధ్యలో ఒకసారి కాంట్రాక్టు కొత్తగా రాశారట, ఆ తారీఖు వేశారు. లెక్క చూడండి. 2018 నుంచైతే ఆరేళ్లకు నాలుగున్నర నెలల జీతం. 2016 నుంచైతే ఎనిమిదేళ్లకు ఆరున్నర నెలల జీతం. తేడా రెండు నెలలు, 240 దినార్లు. మన డబ్బులో యాభై వేల రూపాయల పైమాట.

'అన్నా, టికెట్ అయిపోయింది. ఇగ ఏడ తిరుగుత? అచ్చినకాడికి తీస్కపోత' అన్నాడు.

'జర ఆగు. నీ మొదటి పర్మిట్ కాగితం ఏమన్న ఉందా?' అన్నాను.

కాగితం లేదు. ఫోన్ మారింది. అయితే 2017లో ఇంటికి పంపిన ఫోటోలు భార్య ఫోన్‌లో ఉన్నాయేమో అని అప్పటికప్పుడు కాల్ చేశాడు. ఆవిడ పాత వాట్సాప్ తిరగేసి, ఒకదాని వెంట ఒకటి పంపించింది. పెళ్లి ఫోటోలు, పిల్లల ఫోటోలు, వాటి మధ్యలో ఎల్ఎమ్ఆర్ఏ పేజీ ఒకటి. కంపెనీ పేరు, పర్మిట్ మొదలైన తారీఖు, అయిపోయే తారీఖు. పైన వెబ్‌సైటు అడ్రసు. కింద గడియారం. వాట్సాప్ నలిపేయడంతో అక్షరాలు కాస్త అలుక్కుపోయినా చదవడానికి వచ్చాయి. ప్రింటు తీసి ఇచ్చాను. అకౌంటెంటు దాన్ని చూసి లెక్క మార్చాడు. ఫిర్యాదు పెడితే ప్రభుత్వ రికార్డులో అవే తారీఖులు దొరుకుతాయి, నిజమే. అయితే ఫిర్యాదుకు రోజులు కావాలి, టికెట్ మార్చుకోవాలి, అప్పటిదాకా రూము అద్దె కట్టుకోవాలి. చేతిలో కాగితం ఉన్న మనిషికి ఇవేవీ పట్టలేదు. ఆ ఫోటో ఎవరు తీశారో, ఎందుకు మొత్తం తెర తీశారో నాకు తెలియదు. తీసినవాడు పని తెలిసినవాడు.

మొత్తం తెర తీయడానికి ఒక ఇబ్బంది ఉంది. పేజీ పొడుగ్గా ఉంటే కింది భాగం రాదు. ఏడాది జీతాల పట్టిక లాంటిది తెరలో పట్టదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో కుడి క్లిక్కు కొట్టి స్క్రీన్‌షాట్ అంటే పేజీ మొత్తాన్ని పైనుంచి కిందిదాకా ఒకే బొమ్మగా ఇస్తుంది. బాగుంటుంది కానీ అందులో అడ్రసూ రాదు, గడియారమూ రాదు. అలాంటప్పుడు నేను కంట్రోల్, పీ నొక్కి, ప్రింటర్ బదులు పీడీఎఫ్ ఎంచుకుంటాను. అక్కడే హెడర్లు, ఫుటర్లు అని ఒక గడి ఉంటుంది. దానికి టిక్కు పెడితే ప్రతి పుట మీదా తారీఖు, వెబ్‌సైటు అడ్రసు అచ్చవుతాయి. చాలామంది ఆ టిక్కు తీసేస్తారు, పేజీ శుభ్రంగా రావాలని. మాకు మాత్రం అదే ప్రాణం.

డబ్బు కట్టిన వెంటనే వచ్చే పేజీ విషయంలో ఇంకా జాగ్రత్త. పేమెంట్ అయిందని ఒక రిఫరెన్సు నంబరు చూపించి, కాసేపటికి ఆ పేజీ గడువు దాటిందని మూసుకుంటుంది. రిఫ్రెష్ కొడితే పోతుంది. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు మనిషి కంగారులో మళ్లీ బటన్ నొక్కి రెండోసారి కడతాడు. నా నియమం ఒక్కటే: ఆ పేజీ రాగానే మౌస్ వదిలెయ్, చెయ్యి కీబోర్డు మీదికి పోవాలి.

అమలాపురం వైపు అక్క ఒకావిడ ఇక్కడ ఇళ్లల్లో పని చేస్తారు. నెలనెలా ఇంటికి డబ్బు పంపి, రసీదు పేజీ స్క్రీన్‌షాట్ భర్తకు పెడతారు. ఒకరోజు కళ్లనీళ్లతో వచ్చారు.

'తమ్ముడూ, నేనేదో డబ్బులు దాచేత్తన్నానని మా ఆయన గొడవ. ఎనభై అయిదు వేలు పంపినట్టు ఫోటోలో ఉంది, బ్యాంకులో పద్దెనిమిది వేలే పడ్డాయేంటంటాడు.'

ఆమె ఫోన్ తీసుకుని ఆ బొమ్మను పెద్దది చేసి చూశాను. దినారుకు వెయ్యి ఫిల్స్. అందుకని ఇక్కడ మొత్తాన్ని చుక్క తర్వాత మూడు అంకెలతో రాస్తారు. 85 దినార్లంటే 85.000. ఆమె ఫోన్‌లో చుక్క కనబడుతోంది. అటు భర్త ఫోన్‌కు చేరేసరికి బొమ్మ చిన్నదై, నలిగి, ఆ చుక్క పక్క సున్నాలో కలిసిపోయింది. ఊళ్లో ఉన్న మనిషికి ఎనభై అయిదు వేలే కనబడుతుంది మరి. అంతకుముందు ఎవరూ అతనికి దినారు సంగతి చెప్పలేదు. అక్కడికక్కడే ఫోన్ కలిపించి మాట్లాడాను. 'బావగారూ, అది రూపాయలు కాదండీ, ఎనభై అయిదు దినార్లు. దినారుకు రెండు వందల పైన లెక్కేసుకోండి' అని చెబితే అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత 'దానికి ఫోనివ్వండి' అన్నాడు. నేను లేచి పక్కకెళ్లాను.

అప్పటి నుంచి రసీదుల్ని ఫోటోలాగా పంపొద్దని అందరికీ చెబుతున్నాను. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే నలగదు. కంప్యూటర్‌లో దాచేటప్పుడు కూడా జేపీజీ వద్దు, పీఎన్‌జీ పెట్టాలి. జేపీజీ మనుషుల ఫోటోలకు మంచిదే, అక్షరాల అంచుల్ని మాత్రం మసక చేస్తుంది. పీఎన్‌జీ ఒక్క చుక్కను కూడా పోనివ్వదు. ఒక్క చుక్కకు ఒక సంసారం ఎంత కలత పడిందో చూశాక ఈ విషయంలో నేను రాజీ పడను.

తారీఖుల్లో కూడా ఇలాంటి పేచీ ఒకటుంది. మనకూ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా. రాత్రి పది గంటలకు ఇక్కడ పంపితే ఇండియాలో అర్ధరాత్రి దాటి పన్నెండున్నర, తర్వాతి తారీఖు. ఇక్కడి స్క్రీన్‌షాట్‌లో ఒక తేదీ, అక్కడి పాస్‌బుక్‌లో మరో తేదీ. అప్పులవాళ్ల దగ్గర మాట పడే పరిస్థితి వస్తుంది. రిఫరెన్సు నంబరు కనబడేలా తీస్తే ఆ మాట రాదు.

దాచాల్సినవి దాచడం కూడా మా పనిలో భాగమే. ఇక్కడ ప్రతి మనిషికీ సీపీఆర్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది, తొమ్మిది అంకెలు. మొదటి రెండూ పుట్టిన సంవత్సరం, తర్వాతి రెండూ నెల. ఆ ఒక్క నంబరుతో మనిషి వయసు తెలిసిపోతుంది, దాని మీదే సిమ్ కార్డు నుంచి బ్యాంకు ఖాతా దాకా నడుస్తాయి. అయినా మనవాళ్లు పర్మిట్ పేజీని స్నేహితుల గ్రూపులో అలాగే పెట్టేస్తారు. పెట్టాల్సి వస్తే నంబరును కప్పి పెట్టమంటాను. ఫోన్‌లో మార్కర్‌తో గీసి కప్పడం చాలదు. కొన్ని మార్కర్లు పలచన, వెలుతురు పెంచితే కింద అంకెలు తేలతాయి. గట్టి నల్లపెట్టె పెట్టి, దాన్ని మళ్లీ కొత్త బొమ్మగా తీయాలి. 2023 మార్చిలో ఒక లోపం బయటపడింది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలోనూ విండోస్ స్నిప్పింగ్ టూల్‌లోనూ కత్తిరించిన బొమ్మను అదే ఫైలు మీద సేవ్ చేస్తే, కత్తిరించి పారేశామనుకున్న భాగం ఫైలు చివర మిగిలిపోయేది. దాన్ని తిరిగి రప్పించవచ్చని పరిశోధకులు చూపించారు. కంపెనీలు వెంటనే సరిచేశాయి. అప్పటికే పంపేసిన ఫైళ్లు మాత్రం పంపినట్టే ఉన్నాయి. ఆ వార్త చదివిన రోజు మా షాపులో పాత బొమ్మలన్నీ తుడిచేశాం.

షాపు కంప్యూటర్ పదిమంది వాడేది. విండోస్ మీటతో వీ నొక్కితే, ఆ సదుపాయం ఆన్‌లో ఉంటే, ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరుసగా కనబడతాయి. ఒకరి పాస్‌పోర్టు బొమ్మ కింద ఇంకొకరి జీతం. కొత్త విండోస్‌లో స్నిప్పింగ్ టూల్ తీసిన ప్రతిదాన్నీ చెప్పకుండానే ఫోల్డర్‌లో దాస్తుంది కూడా. అందుకే మనిషి కుర్చీ లేవకముందే అతని ఫైలు అతనికి పంపి, ఫోల్డర్ ఖాళీ చేసి, క్లిప్‌బోర్డు తుడిచి, లాగౌట్ చేస్తాం. బహ్రెయిన్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2019 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. చట్టం లేకపోయినా చేయాల్సిన పనే ఇది. నమ్మి పాస్‌వర్డ్ చెప్పే మనిషి మన ఎదురుగా కూర్చుని ఉంటాడు.

ఇంకో రకం మనుషులు కూడా వస్తారు. 'ఒక్క అంకె మార్చియ్యన్నా, ఎవనికి తెలుస్తది?' అంటారు. జీతం పెంచి చూపించి ఊళ్లో అప్పు తీసుకోవాలని ఒకరు, డబ్బు పంపకుండానే పంపినట్టు చూపించాలని ఒకరు. బెనిఫిట్‌పే యాప్‌లో డబ్బు వేసినట్టు దొంగ బొమ్మ చూపించి సామాను పట్టుకుపోయే మోసాలకు ఇక్కడి చిన్న దుకాణాలవాళ్లు భయపడుతూనే ఉంటారు. అలాంటి పని మా దగ్గర జరగదు. మనవాళ్లలో ఒకడు దొంగ బొమ్మ చూపిస్తే, తర్వాత నిజమైన బొమ్మ పట్టుకుని ఆఫీసులో నిలబడ్డ వందమందిని నమ్మరు. ఆ నష్టం ఎంతో నేను రోజూ ఎదురుగా కూర్చుని చూస్తున్నాను.

ఊళ్లో ఏజెంటు మోసం చేశాడని వచ్చేవాళ్లకు మరో మాట చెబుతాను. చాట్ స్క్రీన్‌షాట్లు తీసుకోండి, కానీ అసలు చాట్ చెరిపేయకండి, ఆ ఫోన్ అమ్మకండి. ఇండియాలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి తోడుగా ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ విలువ కూడా రాయాలి. ఫోన్ పోయి ఒట్టి ప్రింటు మిగిలితే వకీలుకు కష్టం. ఎక్కువమంది కొత్త ఫోన్ కొనుక్కుని పాతది తమ్ముడికి ఇచ్చేస్తారు. వాడు మొత్తం ఫార్మాట్ కొట్టేస్తాడు.

బ్యాంకు యాప్‌లు కొన్ని స్క్రీన్‌షాట్ తీయనివ్వవు, బొమ్మ నల్లగా వస్తుంది. ఖాతాదారు భద్రత కోసమే అది. అలాంటప్పుడు ఇంకో ఫోన్‌తో తెరను ఫోటో తీయడం కంటే, బ్యాంకు ఇచ్చే స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దించుకోవడం మేలు. దానికున్న విలువ ఏ బొమ్మకూ లేదు.

శుక్రవారం క్యాంపుల నుంచి బస్సులు దిగేసరికి షాపు నిండిపోతుంది. ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ఆ రోజే వస్తారు. వాళ్లకు నేను తెరిచే పేజీల వరుస ఒకటుంది. ముందు ఎల్ఎమ్ఆర్ఏ పర్మిట్ పేజీ, క్యాన్సిల్ కాకముందే. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్, చేరినప్పటి నుంచి దొరికినంత. తర్వాత ఎస్ఐఓ పేజీలో కట్టిన నెలలు, డబ్బు పడాల్సిన ఖాతా ఐబాన్ నంబరు. ఆ ఐబాన్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇక్కడుండగా సరిచేయించడం సులువు, ఊరికి పోయాక కష్టం. చివరికి టికెట్. అన్నీ ఒకే ఫోల్డర్‌లో, ప్రతి ఫైలు పేరులో తారీఖు. ఒక కాపీ అతనికి, ఒక కాపీ అతను చెప్పిన ఇంటి మనిషికి.

మొన్న ఒక కోరుట్ల తమ్ముడికి ఇవన్నీ చేసి పంపాను. ఫోన్ జేబులో పెట్టుకుని, 'అన్నా, ఇంటికాడికి పోయినంక గీ ఫోటోలు ఉంచాల్నా, తీసెయ్యాల్నా?' అని అడిగాడు.

'ఉంచు తమ్మీ. ఎస్ఐఓ పైసలు ఖాతాల పడ్డంక ఆ పేజీ కూడా తియ్యి. మొత్తం తెర రావాలె, తారీఖు కనబడాలె. నాకో కాపీ పంపు, లెక్క సరిపోయిందో లేదో చూసి చెప్త.'

సరేనని వెళ్లాడు. వెనక నిలబడ్డతను అప్పటికే తన సీపీఆర్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.